వక్రాలు, బెల్ కర్వ్: మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

ఇంటర్ మ్యాథ్స్ పిల్లలు, డిగ్రీలో స్టాటిస్టిక్స్ తీసుకున్నవాళ్లు, పోటీ పరీక్షలకు చదివేవాళ్లు అడిగే సందేహాల్లో సగం ప్రతి ఏడూ అవే. అందుకే ఒకచోట రాసి పెట్టాను. నిరూపక జ్యామితినీ నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌నూ (దాని గ్రాఫే గంట ఆకారంలో ఉండే బెల్ కర్వ్) ఒకే పేజీలో పెట్టడానికి కారణం ఉంది. వక్రాన్ని చదవడం వచ్చినవాళ్లకు బెల్ కర్వ్‌లో కొత్తగా నేర్చుకోవాల్సింది చాలా తక్కువ. మూలబిందువును జరపడం, సౌష్ఠవం చూడటం, ఎక్కడ తిరుగుతుందో, దూరం పోతే ఏమవుతుందో కనిపెట్టడం, రెండుచోట్లా ఇదే పని.

ఏ ప్రశ్న దగ్గరి నుంచైనా చదువుకోవచ్చు. సూత్రాల్లో "ఇ" అంటే సుమారు 2.718 అనే స్థిరాంకం. "ఎస్‌డీ", "సిగ్మా" రెండూ ప్రామాణిక విచలనమే, అంటే విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత.

## మొదలుపెట్టే ముందు

ఇంటర్‌లో నార్మల్ డిస్ట్రిబ్యూషన్ లేదు కదా, ఇప్పుడే ఎందుకు పట్టించుకోవాలి?

నిజమే. తెలుగు రాష్ట్రాల్లో చాలా ఏళ్లు నడిచిన ఇంటర్ సిలబస్‌లో యాదృచ్ఛిక చలరాశుల పాఠం బైనామియల్, పాయిజాన్‌లతో ఆగిపోతుంది. నార్మల్ డిగ్రీలో వస్తుంది. కానీ దానికి కావలసిన సామానంతా ఇంటర్‌లోనే చేతికి వస్తుంది: అక్షపరివర్తనం, స్పర్శరేఖలు, గరిష్ఠ కనిష్ఠాలు, నిశ్చిత సమాకలనులు. డిగ్రీలో చేరాక చాలామంది ఈ సామాను మరచిపోయి, బెల్ కర్వ్‌ను కేవలం టేబుల్ చూసే పనిగా చదువుతారు. కష్టమంతా అక్కడే మొదలవుతుంది.

గ్రాఫ్ గీయమంటే ఓ ఆరేడు బిందువులు గుర్తించి కలిపేస్తే చాలదా?

సరళరేఖకు చాలు, వక్రానికి చాలదు. వై = 1 / (ఎక్స్ − 0.5) తీసుకోండి. ఎక్స్‌కు −2, −1, 0, 1, 2, 3 ఇస్తే వై విలువలు వరుసగా −0.4, −0.67, −2, 2, 0.67, 0.4. వీటిని కలిపితే (0, −2) నుంచి (1, 2)కి ఓ గీత వెళ్తుంది. నిజానికి ఆ రెంటి మధ్య వక్రం తెగిపోయింది. ఎక్స్ = 0.5 దగ్గర ఎడమవైపు కిందికి, కుడివైపు పైకి అంతులేకుండా పోతుంది. మనం తీసుకున్న పూర్ణాంకాలు ఒక్కటీ ఆ సంగతి చెప్పలేదు. బిందువులు గుర్తించడం చివరి పని. ఆకారం ఏమిటో ముందు సమీకరణాన్నే అడగాలి.

ఏ వక్రమైనా ముందు ఏం చూడాలి? ఒక ఆర్డర్ చెప్పండి.

నేను పాటించే వరుస ఇది. మొదట వక్రం ఎక్కడెక్కడ ఉండగలదో, అంటే ఏ ఎక్స్‌లకు వై వస్తుందో చూస్తాను. తర్వాత సౌష్ఠవం: ఎక్స్ బదులు −ఎక్స్ పెట్టినా సమీకరణం మారకపోతే వై అక్షానికి రెండువైపులా ఒకేలా ఉంటుంది. రెంటి గుర్తులూ మార్చినప్పుడు మారకపోతే మూలబిందువు చుట్టూ సౌష్ఠవం ఉంటుంది. ఆపైన అక్షాలను ఎక్కడ ఖండిస్తుంది, దూరం పోతే ఏ రేఖకు దగ్గరవుతుంది. అవకలనం చివర్లో. చాలామంది దానితోనే మొదలుపెట్టి రెండు పేజీలు నింపుతారు. సౌష్ఠవం ముందే చూసుకుంటే అందులో సగం పని తప్పేది.

## శాంకవాల దగ్గర

సమీకరణం చూడగానే ఏ శాంకవమో ఎలా చెప్పాలి?

రెండో ఘాత సాధారణ సమీకరణంలో ఎక్స్² గుణకం ఎ, వై² గుణకం బి, ఎక్స్‌వై గుణకంలో సగం హెచ్ అనుకోండి. హెచ్² − ఎబి రుణాత్మకమైతే దీర్ఘవృత్తం, సున్నా అయితే పరావలయం, ధనాత్మకమైతే అతిపరావలయం. ఎ, బి సమానమై హెచ్ సున్నా అయితే వృత్తం.

ఒక జాగ్రత్త. సమీకరణం రెండు సరళరేఖలుగా విడిపోవచ్చు, ఒక్క బిందువుగా కుంచించుకుపోవచ్చు, అసలు బిందువే లేకుండానూ పోవచ్చు. ఎక్స్² + వై² + 1 = 0 చూడటానికి వృత్తంలా ఉంటుంది కానీ దాని మీద ఒక్క వాస్తవ బిందువూ లేదు. సరళరేఖల జతలను అడ్డుపెట్టి ఆబ్జెక్టివ్ పేపర్లలో బాగా పడగొడతారు.

9ఎక్స్² + 25వై² − 36ఎక్స్ + 50వై − 164 = 0 లాంటి పొడుగు సమీకరణం చూస్తేనే టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలి?

వర్గం పూర్తి చేయడంతో. ఎక్స్ పదాలు ఒకచోట, వై పదాలు ఒకచోట చేర్చండి.

9(ఎక్స్² − 4ఎక్స్) + 25(వై² + 2వై) = 164
9(ఎక్స్ − 2)² + 25(వై + 1)² = 164 + 36 + 25 = 225

225తో భాగిస్తే (ఎక్స్ − 2)²/25 + (వై + 1)²/9 = 1. కేంద్రం (2, −1), అర్ధాక్షాలు 5, 3. కేంద్రం నుంచి నాభి దూరం √(25 − 9) = 4 కాబట్టి నాభులు (6, −1), (−2, −1). ఉత్కేంద్రత (వృత్తం నుంచి ఎంత సాగిందో చెప్పే సంఖ్య) 4/5, నాభిలంబం 18/5.

ఇక్కడ మీరు చేసింది మూలబిందువును కేంద్రానికి జరపడం. ఇంకో అడుగు వేసి, జరిపాక వచ్చిన ఎక్స్‌ను 5తో, వైను 3తో భాగించి కొత్త చలరాశులుగా రాస్తే అది మామూలు ఏకాంక వృత్తం అయిపోతుంది. స్టాటిస్టిక్స్‌లో జెడ్ స్కోర్ తీయడమూ ఇదే: సగటు దగ్గరికి జరిపి, ఎస్‌డీతో భాగించడం.

ఎక్స్‌వై పదం ఉంటే ఏం చేయాలి?

అక్షాలను తిప్పాలి. తిప్పే కోణం తీటా అయితే టాన్ 2తీటా = 2హెచ్ / (ఎ − బి). ఎ, బి సమానమైతే కోణం 45 డిగ్రీలు, లెక్క కూడా అక్కర్లేదు.

ఉదాహరణకు ఎక్స్² − 1.2 ఎక్స్‌వై + వై² = 1. హెచ్ = −0.6 కాబట్టి హెచ్² − ఎబి = 0.36 − 1, రుణాత్మకం, కనుక దీర్ఘవృత్తం. 45 డిగ్రీలు తిప్పితే కొత్త అక్షాల్లో గుణకాలు 1 − 0.6, 1 + 0.6 అవుతాయి. అంటే 0.4 పెద్దఎక్స్² + 1.6 పెద్దవై² = 1. అర్ధాక్షాలు సుమారు 1.58, 0.79, ఒకటి రెండోదానికి సరిగ్గా రెట్టింపు. ఈ సమీకరణం ఊరికే తీసుకున్నది కాదు. సహసంబంధ గుణకం (రెండు కొలతలు ఎంతగా కలిసి మారతాయో చెప్పే సంఖ్య) 0.6 ఉన్న రెండు నార్మల్ చలరాశుల సాంద్రతకు సమోన్నత రేఖలు, అంటే ఒకే ఎత్తున్న బిందువులను కలిపే గీతలు, గీస్తే ఇదే ఆకారం వస్తుంది.

పెద్ద అక్షం నిలువుగా ఉంటే ఫార్ములాలన్నీ మళ్లీ బట్టీ పట్టాలా?

వద్దు. హారాల్లో పెద్దది దేని కింద ఉందో ఆ దిశలో దీర్ఘాక్షం ఉంటుంది, నాభులూ ఆ దిశలోనే ఉంటాయి. ఎక్స్²/9 + వై²/25 = 1 అయితే నాభులు (0, 4), (0, −4). అంతే.

ఏ వాలు ఇచ్చినా ఆ వాలుతో స్పర్శరేఖ గీయగలమా?

దీర్ఘవృత్తానికి ఎప్పుడూ గీయగలం, ఒక్కో వాలుకూ రెండేసి వస్తాయి. వై² = 4ఎఎక్స్ పరావలయానికి సున్నా తప్ప ప్రతి వాలుకూ ఒకటి ఉంటుంది. అతిపరావలయం దగ్గరే పేచీ. ఎక్స్²/16 − వై²/9 = 1 తీసుకుంటే వై = ఎమ్‌ఎక్స్ + సి స్పర్శరేఖ కావడానికి సి² = 16ఎమ్² − 9 ఉండాలి. వాలు 1 అయితే సి² = 7, రెండు స్పర్శరేఖలు దొరుకుతాయి. వాలు 1/2 అయితే సి² = −5, ఒక్కటీ లేదు. వాలు 3/4 దగ్గర సి సున్నా అవుతుంది. ఆ రేఖ అనంతస్పర్శరేఖ: దూరం పోయేకొద్దీ వక్రం దానికి దగ్గరవుతుంది, కానీ ఇక్కడ ఎక్కడా తాకదు. "కనుక్కోండి" అని అడిగారు కాబట్టి జవాబు ఉండే తీరుతుందని అనుకోకండి.

నాభి, ఉత్కేంద్రత లెక్కలకే తప్ప ఇంకెందుకైనా పనికొస్తాయా?

మిద్దె మీది డిష్ యాంటెన్నా పరావలయాన్ని తిప్పి చేసిన ఆకారమే. సిగ్నళ్లన్నీ నాభి వైపు మళ్లుతాయి కాబట్టే రిసీవర్‌ను అక్కడ పెడతారు. గ్రహాలు సూర్యుడు నాభిగా దీర్ఘవృత్తాల్లో తిరుగుతాయని కెప్లర్ 1609లో ప్రకటించాడు. భూకక్ష్య ఉత్కేంద్రత సుమారు 0.0167 మాత్రమే. పుస్తకాల్లో కోడిగుడ్డులా గీసే బొమ్మ చూసి మోసపోవద్దు, కాగితం మీద సరైన కొలతతో గీస్తే వృత్తానికీ దానికీ తేడా కంటికి ఆనదు.

## అవకలనంతో వక్రాన్ని చదివేటప్పుడు

మొదటి అవకలజం సున్నా అయితే అక్కడ గరిష్ఠమో కనిష్ఠమో ఉన్నట్టేనా?

కాదు. వై = ఎక్స్³కు మూలబిందువు దగ్గర అవకలజం సున్నా, కానీ వక్రం అక్కడ కాసేపు అడ్డంగా సాగి మళ్లీ పైకే పోతుంది. సున్నాకు రెండువైపులా అవకలజం గుర్తు మారిందా లేదా అన్నది చూడాలి. ఇంకో సంగతి, అవకలజమే లేనిచోట కూడా కనిష్ఠం ఉండొచ్చు. ఎక్స్ పరమమూల్యం గ్రాఫ్ సున్నా దగ్గర మొనదేలి ఉంటుంది. అదే దాని కనిష్ఠం.

రెండో అవకలజం సున్నా అయితే వంపు మారే బిందువు అని రాసేయొచ్చా?

రాయకూడదు. వై = ఎక్స్⁴కు సున్నా దగ్గర రెండో అవకలజం సున్నా, కానీ రెండువైపులా ధనాత్మకమే. వంపు మారలేదు. ఇక్కడా గుర్తు మారాలి. మార్కులు పోయేది ఈ ఒక్క వాక్యం రాయకపోవడం వల్లే.

వక్రం తన అనంతస్పర్శరేఖను ఖండించకూడదు కదా?

ఎవరు చెప్పారో గానీ ఈ మాట బాగా పాతుకుపోయింది. ఖండించొచ్చు. వై = ఎక్స్ / (1 + ఎక్స్²) చూడండి. ఎక్స్ ఎటు పెరిగినా వై సున్నాకు దగ్గరవుతుంది కాబట్టి ఎక్స్ అక్షమే అనంతస్పర్శరేఖ. అదే వక్రం ఆ అక్షాన్ని మూలబిందువు దగ్గర దాటుతుంది. గరిష్ఠం (1, 1/2), కనిష్ఠం (−1, −1/2), వంపు మారేది ఎక్స్ = −√3, 0, √3 దగ్గర. అనంతస్పర్శరేఖ దూరంగా పోయినప్పుడు ఏమవుతుందో చెప్పేది మాత్రమే, మధ్యలో ఏం చేసినా వక్రం ఇష్టం.

ఈ లెక్కన బెల్ కర్వ్ బుద్ధిమంతురాలు. ఎక్స్ అక్షానికి ఎంత దగ్గరికి పోయినా ఎక్కడా తాకదు.

## బెల్ కర్వ్‌ను వక్రంగా చూస్తే

నార్మల్ ఫార్ములా గుర్తుండటం లేదు. తేలిక దారి ఉందా?

వై = ఇ^(−ఎక్స్²/2) ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మిగతాదంతా దానికి తొడిగిన బట్టలే. ఎక్స్ వర్గం కాబట్టి వై అక్షానికి రెండువైపులా ఒకేలా ఉంటుంది. ఎక్స్ = 0 దగ్గర ఎత్తు 1, అదే గరిష్ఠం. ఎటు పోయినా సున్నాకు పడిపోతుంది. సగటు వేరేచోట ఉంటే ఎక్స్ బదులు (ఎక్స్ − సగటు) రాస్తాం. వెడల్పు మారాలంటే దాన్ని సిగ్మాతో భాగిస్తాం. వక్రం కింద మొత్తం వైశాల్యం 1 కావాలి కాబట్టి ముందు 1 / (సిగ్మా × √(2 × 3.14159…)) అనే గుణకం పెడతాం. జరపడం, సాగదీయడం, వైశాల్యం సరిచేయడం. మూడు పనులు, మూడు ముక్కలు.

వృత్తం ఎక్కడా లేదు కదా, ఫార్ములాలోకి పై (π, అంటే ఆ 3.14159…) ఎలా వచ్చింది?

వృత్తం ఉంది, దాక్కుంది. ఇ^(−ఎక్స్²/2)ను నేరుగా సమాకలనం చేయడానికి మనకు తెలిసిన ప్రమేయాలతో దారి లేదు. అందుకని ఒక ఎత్తు వేస్తారు. కావలసిన వైశాల్యాన్ని "వై" అనే అక్షరంతో ఇంకోసారి రాసి రెంటినీ గుణిస్తారు. ఘాతంలో ఎక్స్² + వై² వస్తుంది. అది మూలబిందువు నుంచి దూరం వర్గం. అంటే ఇప్పుడు మన ముందున్నది తలం మీద నిలబడ్డ ఒక గుట్ట. దాన్ని ఏ ఎత్తులో అడ్డంగా కోసినా వృత్తమే వస్తుంది. ధ్రువ నిరూపకాల్లోకి మారిస్తే దూరానికి సంబంధించిన సమాకలని విలువ 1, కోణానికి సంబంధించినది ఒక పూర్తి చుట్టు, అంటే రెండు పైలు. గుట్ట ఘనపరిమాణం రెండు పైలు కాబట్టి మనకు కావలసిన వైశాల్యం దాని వర్గమూలం, సుమారు 2.5066. దాని విలోమమే టేబుళ్లలో కనిపించే 0.3989.

సిగ్మా అంటే వెడల్పు అంటారు. గ్రాఫ్ మీద వేలు పెట్టి చూపించగలమా?

చూపించగలం. నాకు ఈ పాఠంలో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

వై = ఇ^(−ఎక్స్²/2)ను రెండుసార్లు అవకలనం చేస్తే (ఎక్స్² − 1) × ఇ^(−ఎక్స్²/2) వస్తుంది. ఇది సున్నా అయ్యేది ఎక్స్ = 1, −1 దగ్గర, రెండుచోట్లా గుర్తు కూడా మారుతుంది. అంటే శిఖరం నుంచి దిగుతున్నప్పుడు వాలు అత్యంత నిటారుగా ఉండి, బోర్లించిన వంపు తిరగబడే బిందువు సగటు నుంచి సరిగ్గా ఒక సిగ్మా దూరంలో ఉంటుంది. అక్కడ వక్రం ఎత్తు శిఖరం ఎత్తులో 60.65 శాతం.

ఇప్పుడు ఆ బిందువు దగ్గర స్పర్శరేఖ గీయండి. వక్రం ఎత్తు ఇ^(−1/2), వాలు −ఇ^(−1/2). కాబట్టి స్పర్శరేఖ సమీకరణం

వై = ఇ^(−1/2) × (2 − ఎక్స్)

ఎక్స్ = 2 దగ్గర ఇది ఎక్స్ అక్షాన్ని తాకుతుంది. అంటే స్పర్శరేఖ సరిగ్గా రెండు సిగ్మాల దగ్గర నేలకు దిగుతుంది! అవతలివైపు స్పర్శరేఖ కూడా గీస్తే రెండూ శిఖరానికి నేరుగా పైన, శిఖరం ఎత్తుకు 1.213 రెట్ల ఎత్తులో కలుసుకుంటాయి.

అక్షం మీద అంకెలు లేని బెల్ కర్వ్ బొమ్మ చేతికిచ్చినా స్కేలుతో సిగ్మా కొలవొచ్చు. పక్కవాలుకు స్కేలు ఆనించి నేలకు గీయండి. శిఖరం పాదం నుంచి ఆ బిందువుకు ఉన్న దూరంలో సగమే సిగ్మా. జియోజీబ్రా, డెస్మోస్ లాంటి గ్రాఫ్ గీసే యాప్‌లో ఒక్కసారి చేసి చూస్తే మరచిపోవడం కష్టం.

వక్రం ఎత్తు 1 దాటింది. సంభావ్యత 1 దాటకూడదు కదా?

ఎత్తు సంభావ్యత కాదు, సాంద్రత. సంభావ్యత అంటే వక్రం కింద వైశాల్యం. సిగ్మా 0.1 అయితే శిఖరం ఎత్తు 0.3989 / 0.1, అంటే దాదాపు 3.99. వెడల్పు అంత తక్కువ కాబట్టి వైశాల్యం మాత్రం 1 దాటదు.

ఒక మనిషి ఎత్తు సరిగ్గా 170 సెంటీమీటర్లు అయ్యే సంభావ్యత సున్నా అంటారేంటి? అలాంటి వాళ్లు ఉన్నారు కదా!

మనం 170 అని రాసుకునేది 169.5 నుంచి 170.5 దాకా ఉన్న అందరినీ కలిపి. ఆ పట్టీకి వైశాల్యం ఉంది కాబట్టి సంభావ్యతా ఉంది. 170.000… అని అంతులేని దశాంశాలతో అడిగితే అది వెడల్పు లేని గీత, గీతకు వైశాల్యం సున్నా. అందుకే నార్మల్ లెక్కల్లో "కంటే తక్కువ", "తక్కువ లేదా సమానం" రెండూ ఒకటే. బైనామియల్‌లో మాత్రం ఒకటి కాదు.

గంట ఆకారంలో ఉన్న ప్రతి వక్రమూ నార్మలేనా?

కాదు. వై = 1 / (1 + ఎక్స్²) గీసి చూడండి. సౌష్ఠవం ఉంది, ఒక్క శిఖరం ఉంది, రెండువైపులా ఎక్స్ అక్షానికి దిగుతుంది, చూస్తే గంటే. కానీ దాని తోకలు మెల్లగా తగ్గుతాయి. ఎక్స్ = 5 దగ్గర దీని ఎత్తు 1/26, అంటే దాదాపు 0.038. ఇ^(−ఎక్స్²/2) ఎత్తు అదేచోట 0.000004 కూడా ఉండదు. వైశాల్యం 1 అయ్యేలా సరిచేస్తే ఇదే కోషీ డిస్ట్రిబ్యూషన్. దానికి సగటు అనేదే నిర్వచించలేం, సమాకలని అభిసరించదు. ఆకారం చూసి నార్మల్ అనేవాళ్లు మోసపోయేది తోకల దగ్గర, డబ్బు నష్టాల లెక్కల్లో అసలు ప్రమాదం ఉండేదీ అక్కడే.

నార్మల్ వక్రాన్ని గౌస్ కనిపెట్టాడా?

ముందు డిమాయివర్ 1733లో బైనామియల్ లెక్కలకు ఉజ్జాయింపుగా ఈ వక్రాన్ని రాశాడు. గౌస్ 1809లో ఖగోళ కొలతల్లో వచ్చే దోషాలకు దీన్ని వాడాడు, పేరు ఆయనకు దక్కింది. జర్మనీ పాత పది మార్కుల నోటు మీద గౌస్ బొమ్మ పక్కన ఈ వక్రం, దాని సమీకరణం రెండూ అచ్చు వేశారు.

## టేబుల్, లెక్కల దగ్గర

జెడ్ స్కోర్ అసలు ఏం చెబుతుంది?

సగటు నుంచి ఎన్ని ఎస్‌డీల దూరంలో ఉన్నారో చెబుతుంది. సగటు 60, ఎస్‌డీ 12 ఉన్న పరీక్షలో 78 మార్కులు వస్తే జెడ్ = (78 − 60) / 12 = 1.5. సగటు 40, ఎస్‌డీ 8 ఉన్న ఇంకో పరీక్షలో 54 వస్తే జెడ్ = 1.75. మార్కులు తక్కువైనా రెండోదే మెరుగు. ప్రతి నార్మల్ వక్రాన్నీ ఇలా ఒకే వక్రానికి తెచ్చేయొచ్చు కాబట్టే ప్రపంచానికంతటికీ ఒక్క టేబుల్ సరిపోతోంది.

నా టేబుల్‌లో 1.5కి 0.4332 ఉంది, ఫ్రెండ్ టేబుల్‌లో 0.9332 ఉంది. ఏది తప్పు?

రెండూ ఒప్పే. మీ టేబుల్ సగటు నుంచి జెడ్ దాకా ఉన్న వైశాల్యం ఇస్తోంది. మీ ఫ్రెండ్‌ది ఎడమ చివర నుంచి జెడ్ దాకా ఇస్తోంది. తేడా సరిగ్గా 0.5, అంటే ఎడమ సగం. టేబుల్ పైన చిన్న బొమ్మ ఉంటుంది, ఎక్కడ రంగు వేశారో చూడండి. బొమ్మ లేకపోతే జెడ్ = 0 ఎదురుగా ఏముందో చూడండి: 0.0000 అయితే మొదటి రకం, 0.5000 అయితే రెండోది. పరీక్షలో టేబుల్ అందగానే ఈ ఒక్క పని చేయండి. లెక్క తెలిసి కూడా జవాబు 0.5 తేడాతో రాసి వచ్చేవాళ్లు ఎంతమందో.

95 శాతానికి 2 వాడాలా, 1.96 వాడాలా?

నోటిలెక్కకు 2, రాతలెక్కకు 1.96. సగటుకు అటూ ఇటూ ఒక సిగ్మాలో 68.27, రెండింటిలో 95.45, మూడింటిలో 99.73 శాతం ఉంటాయి. సరిగ్గా 95 కావాలంటే 1.96. ఒకవైపు తోకలో మాత్రమే 5 శాతం వదలమంటే 1.645. ఈ చివరి రెంటినీ తారుమారు చేయడం మామూలే. ముందు బొమ్మ గీసి, తోకలు ఒకటా రెండా అని గుర్తుపెట్టుకుంటే చాలు.

బైనామియల్‌ను నార్మల్‌గా మార్చేటప్పుడు ఆ 0.5 ఎందుకు?

నాణెం 100 సార్లు ఎగరేస్తే 60 లేదా అంతకంటే ఎక్కువ బొమ్మలు పడే సంభావ్యత కావాలనుకోండి. సగటు 50, ఎస్‌డీ 5. బైనామియల్‌లో ప్రతి సంఖ్యా ఒక దిమ్మె: 60 అనే దిమ్మె 59.5 నుంచి 60.5 దాకా ఉంటుంది. 60 దగ్గర కోస్తే ఆ దిమ్మెలో సగం పోతుంది. 60తో లెక్కిస్తే జెడ్ = 2, జవాబు 0.0228. 59.5తో లెక్కిస్తే జెడ్ = 1.9, జవాబు 0.0287. బైనామియల్‌తో కచ్చితంగా చేస్తే 0.0284. దేన్ని నమ్మాలో కనబడుతూనే ఉంది.

రెండు కొలతలు కలిపితే ఎస్‌డీలు కూడితే సరిపోతుందా?

కూడకూడదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని చలరాశులైతే విస్తృతులు, అంటే ఎస్‌డీల వర్గాలు, కూడాలి. ఎస్‌డీలు 3, 4 అయితే మొత్తానికి √(9 + 16) = 5, ఏడు కాదు. తీసివేసినా అంతే, ఐదే. లంబకోణ త్రిభుజంలో కర్ణం లెక్కలాగే.

ఎక్సెల్‌లో నార్మ్ డిస్ట్ వాడితే వింత జవాబు వస్తోంది.

చివరి ఖాళీలో ట్రూ అని ఇస్తే ఎడమ నుంచి వైశాల్యం, ఫాల్స్ అని ఇస్తే వక్రం ఎత్తు ఇస్తుంది. సంభావ్యత కావాలంటే ట్రూ.

## నిజం డేటా చేతికొచ్చాక

మా క్లాసు మార్కులు బెల్ కర్వ్‌లో లేవు. ఏదో తప్పు జరిగినట్టా?

ఏ తప్పూ లేదు. మార్కులకు కింద 0, పైన 100 అనే గోడలున్నాయి. పేపర్ తేలికైతే అందరూ పైగోడకు అతుక్కుంటారు. బాగా చదివేవాళ్లు, వదిలేసినవాళ్లు అని క్లాసు రెండుగా చీలి ఉంటే రెండు శిఖరాలు వస్తాయి. ముందు హిస్టోగ్రామ్ గీయండి, సగటునూ మధ్యగతాన్నీ (వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో పడే విలువ) పోల్చండి. రెండూ దూరంగా ఉంటే వక్రం ఒకవైపు లాగి ఉన్నట్టే. మార్కులను బలవంతంగా గంట ఆకారంలోకి నొక్కి గ్రేడ్లు ఇవ్వడం నాకు నచ్చదు. నలభై మంది ఉన్న క్లాసుకు అది అన్యాయమే.

జేఈఈ మెయిన్ పర్సెంటైల్ బెల్ కర్వ్ నుంచి తీస్తారా?

లేదు. మీ సెషన్ రాసినవాళ్లలో మీ అంత లేదా మీకంటే తక్కువ మార్కులు వచ్చినవాళ్లు ఎంతమందో లెక్కపెట్టి, మొత్తంతో భాగించి, 100తో గుణిస్తారు. ఇది పూర్తిగా తలలు లెక్కపెట్టే పద్ధతి, మార్కులు ఏ ఆకారంలో ఉన్నా పనిచేస్తుంది. 95 పర్సెంటైల్ అంటే 95 శాతం మార్కులు అనీ కాదు, జెడ్ 1.645 అనీ కాదు.

మరి నార్మల్ ప్రతిచోటా ఎందుకు కనబడుతుంది?

చిన్న చిన్న, ఒకదానితో ఒకటి సంబంధం లేని కారణాలు ఎన్నో కూడినప్పుడు మొత్తం గంట ఆకారానికి దగ్గరవుతుంది. ఒక పాచిక వేస్తే ఆరు ముఖాలకూ సమాన అవకాశం, గ్రాఫ్ చదునుగా ఉంటుంది. రెండు వేసి కూడితే త్రిభుజం. మూడు వేసేసరికి అప్పుడే వంపు తిరుగుతుంది: మొత్తం 10 వచ్చే సంభావ్యత 27/216, అంటే 0.125. అక్కడ నార్మల్ వక్రం ఎత్తు 0.133. మూడు పాచికలకే ఇంత దగ్గర!

కానీ కూడిక బదులు గుణకారం జరిగేచోట ఇది చెల్లదు. ఆదాయాలు, ఆస్తుల విలువలు శాతాల్లో పెరుగుతాయి, అందుకే కుడివైపు పొడుగు తోకతో ఉంటాయి. అలాంటిచోట సగటు కంటే మధ్యగతం నిజం చెబుతుంది.

దీర్ఘవృత్తానికీ స్టాటిస్టిక్స్‌కూ ఏం సంబంధం? రిగ్రెషన్ రేఖ అంటే దీర్ఘాక్షమేనా?

సంబంధం ఉంది. రిగ్రెషన్ రేఖ అంటే ఒక కొలత తెలిసినప్పుడు రెండోదాని సగటు ఎంతో చూపే రేఖ, దీర్ఘాక్షం మాత్రం కాదు. ఈ కథ ఇంగ్లండ్‌లో జరిగింది.

ఫ్రాన్సిస్ గాల్టన్ 205 జతల తల్లిదండ్రుల ఎత్తులను, పెద్దవాళ్లయిన వాళ్ల 928 మంది పిల్లల ఎత్తులను ఒక పట్టికలో వేశాడు. ఒక్కో గడిలో ఎంతమంది పడ్డారో రాసి, అంకెలను కాస్త నునుపు చేసి, సమాన సంఖ్యలున్న గడులను కలుపుతూ గీతలు గీశాడు. ఒకదానిలో ఒకటి ఇమిడిన, ఒకే కేంద్రం ఉన్న దీర్ఘవృత్తాలు కనబడ్డాయి. లెక్క తేల్చమని కేంబ్రిడ్జ్ గణితవేత్త హామిల్టన్ డిక్సన్‌ను అడిగాడు. సమీకరణాలు కూడా అదే చెప్పాయి. 1886లో ఇదంతా అచ్చయింది.

ఇప్పుడు జ్యామితి. రెండు కొలతలనూ జెడ్ స్కోర్లుగా మార్చి, సహసంబంధ గుణకం 0.6 అనుకుంటే సమోన్నత రేఖ ఎక్స్² − 1.2 ఎక్స్‌వై + వై² = స్థిరాంకం. దీని దీర్ఘాక్షం 45 డిగ్రీల రేఖ, వాలు 1. రిగ్రెషన్ రేఖ కావాలంటే ఒక్కో ఎక్స్ దగ్గర నిలువుగా కోసి, ఆ కోతలో వై సగటు ఎక్కడుందో చూడాలి. కోత కుడివైపుకు జరిగేకొద్దీ చిన్నదై, చివరికి దీర్ఘవృత్తాన్ని ఒక్క బిందువు దగ్గర తాకుతుంది. ఆ బిందువు దగ్గర స్పర్శరేఖ నిలువుగా ఉంటుంది. సమీకరణాన్ని అవకలనం చేసి స్పర్శరేఖ నిలువయ్యే చోటు అడిగితే వై = 0.6 ఎక్స్ అని వస్తుంది. వాలు 0.6, అంటే సహసంబంధ గుణకమే. రిగ్రెషన్ రేఖ దీర్ఘాక్షం కంటే చదునుగా పడుకుని ఉంటుంది. సగటు కంటే రెండు ఎస్‌డీలు పొడుగున్న తల్లిదండ్రుల పిల్లలు సగటున 1.2 ఎస్‌డీలే పొడుగుంటారని దీని అర్థం. ఎవరో వెనక్కి లాగుతున్నారని కాదు, దీర్ఘవృత్తం ఆకారం అది.

రెండు కొలతల్లో ఎవరు 'మామూలుగా లేరు' అని ఎలా తేల్చాలి? రెండు జెడ్ స్కోర్లూ చూస్తే చాలదా?

చాలదు. ఎత్తు, బరువు మధ్య సహసంబంధం 0.6 అనుకుందాం. ఒకరికి రెండు జెడ్‌లూ 1.5: పొడుగు, బరువు రెండూ ఎక్కువ. ఇంకొకరికి ఎత్తులో 1.5, బరువులో −1.5. విడివిడిగా చూస్తే ఇద్దరూ సగటుకు అంతే దూరం. కానీ పొడుగున్నవాళ్లు బరువుండటం సహజం. మొదటివారు దీర్ఘవృత్తం పొడుగు దిశలో ఉన్నారు, రెండోవారు సన్నని దిశలో బయటికి వచ్చేశారు.

ఎక్స్² − 1.2 ఎక్స్‌వై + వై² విలువను 1 − 0.36 = 0.64తో భాగించి వర్గమూలం తీయండి. మొదటివారికి √(1.8 / 0.64), దాదాపు 1.68. రెండోవారికి √(7.2 / 0.64), దాదాపు 3.35, సరిగ్గా రెట్టింపు. దీన్ని మహలనోబిస్ దూరం అంటారు. కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించిన పి.సి. మహలనోబిస్ 1936లో ప్రతిపాదించాడు. అక్కడే ఆయన దగ్గర పనిచేసిన మన సి.ఆర్. రావు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మ్యాథ్స్ ఎమ్మే చేసినవారు, 1946లో కేంబ్రిడ్జ్ వెళ్లి సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వి తీసిన పురాతన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించింది ఈ పద్ధతితోనే.